800 ఆల్టర్నేటర్ దగ్గర వైరు కాలుతోంది, థింబుల్ మార్చడం ఇది మూడోసారి

నల్లగొండ_98మోడల్
మే 4, రాత్రి 9:40

అందరికీ నమస్తే. బండి 1998 మారుతి 800, కార్బరేటర్ది, ఏసీ ఉంది. ఏపీ 24 నంబరు. నాన్న కొన్న బండి, అమ్మబుద్ధి కాదు.

ఫిబ్రవరిలో రాత్రిపూట దేవరకొండ పెళ్లికి పోతుంటే కొండమల్లేపల్లి దాటాక రబ్బరు కాలిన వాసన వచ్చింది. బానెట్ ఎత్తి చూస్తే ఆల్టర్నేటర్ (ఇంజన్ నడుస్తుంటే కరెంటు పుట్టించేది) వెనక కరెంటు బయటికొచ్చే బోల్టు, అదే బి టెర్మినల్, దాని మీది రబ్బరు టోపీ కరిగిపోయి ఉంది. థింబుల్ (వైరు చివర నొక్కి బోల్టుకు బిగించే లోహపు కొన) ముట్టుకుంటే వేలు కాలింది. మర్నాడు మా దగ్గరి ఆటో ఎలక్ట్రీషియన్ కాలినంత వరకు వైరు కత్తిరించి కొత్త థింబుల్ వేశాడు. మూడు వారాలకు మళ్లీ అదే వాసన. మళ్లీ కత్తిరించాడు, మళ్లీ వేశాడు. నిన్న మూడోసారి. వైరు ఇప్పుడు ఎంత పొట్టిదైందంటే, బిగించినప్పుడు తీగలాగా లాగి పట్టినట్టు ఉంటోంది.

ఇప్పుడు ఆయన అనేది, డైనమోనే (ఆల్టర్నేటర్‌నే ఇక్కడ అట్లా అంటారు) పోయింది, లోపల ఎక్కువ కరెంటు పుట్టిస్తోంది, రీబిల్ట్ది వేద్దాం, 4,000 అవుతుంది అని. ఎనిమిది నెలల కింద కొన్న బ్యాటరీ కూడా పొద్దున పూట సెల్ఫ్ సరిగ్గా కొట్టడం లేదు. రెండిటికీ సంబంధం ఉందా? 4,000 పెట్టేముందు మీ మాట వినాలని.

పాలమూరు_జీపు
మే 4, రాత్రి 10:05

అన్నా, వేసిన థింబుల్ రాగిదా, అల్యూమినియందా? దేనితో నొక్కాడు? కటింగ్ ప్లయరుతోనా? ఫొటో పెట్టు.

స్పీడ్_సూర్యాపేట
మే 4, రాత్రి 10:31

దీనికి ఇంత ఆలోచన ఎందుకు బ్రో. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ ఒకటి పీకెయ్. బండి ఆగకపోతే డైనమో బాగున్నట్టు, ఆగిపోతే పోయినట్టు. మా ఊళ్లో అందరూ ఇట్లనే చూస్తారు. ఇంకోటి, మెయిన్ ఫ్యూజు తీసేసి నేరుగా లావు వైరు వేసుకో, జన్మలో వేడెక్కదు.

వైరింగ్_కాక
ఊరు: మిర్యాలగూడ
మే 5, ఉదయం 6:15

సూర్యాపేట తమ్మీ, నువ్వు చెప్పిన రెండు పనులూ ఎవ్వరూ చేయొద్దు. కోపం వద్దు, కారణం చెప్తా.

నడుస్తున్న ఇంజన్ మీద బ్యాటరీ పీకడం, ఆల్టర్నేటర్ రాకముందు అసలు డైనమోలు ఉన్న రోజుల అలవాటు. అప్పుడు దాన్ని అదుపు చేసేది ఇనుప డబ్బాలోని కటౌటు, అది దెబ్బలకు ఓర్చుకునేది. ఆల్టర్నేటర్ లోపల డయోడ్లు (కరెంటును ఒక్క దిక్కే పోనిచ్చేవి), రెగ్యులేటరు (వోల్టేజీని అదుపు చేసేది) ఉంటాయి. కరెంటు పోస్తున్నప్పుడు బ్యాటరీని హఠాత్తుగా తప్పిస్తే వోల్టేజీ ఒక్కసారి ఎగిరి వాటిని కొట్టేస్తుంది. బాగున్న ఆల్టర్నేటర్‌ను పరీక్ష పేరుతో చంపడం అది. ఇక ఫ్యూజు తీసి లావు వైరు అంటావా, ఆ వైరు ఎక్కడైనా ఒరిసి బాడీకి తగిలితే బ్యాటరీలో ఉన్న బలమంతా దాని గుండా పోతుంది. కింద పెట్రోలు పైపు ఉంది. నేను 30 ఏళ్లు ఈ పని చేశాను. నాకు తెలిసి తగలబడిన రెండు కార్లలోనూ ఫ్యూజు చోట లావు వైరే ఉంది.

నల్లగొండ బాబూ, ఇప్పుడు నీ సంగతి. "డైనమో ఎక్కువ కరెంటు పుట్టిస్తోంది" అన్న మాట నేను ఒప్పుకోను. ఆల్టర్నేటర్ తనంతట తానే కరెంటు తోయదు. లైట్లు, బ్లోయరు, బ్యాటరీ ఎంత గుంజితే అంత ఇస్తుంది. వోల్టేజీ మాత్రం హద్దు దాటకుండా చూస్తుంది. చూడాల్సింది వోల్టేజీ ఎంతుందో, అది దారిలో ఎక్కడ పోతోందో.

మీ ఇంటి దగ్గర బోరు మోటారు ఉంటే స్టార్టరు డబ్బా గుర్తు తెచ్చుకో. మూడు ఫేజుల్లో ఒక ఫేజు స్క్రూ లూజైతే ఆ ఒక్క చోటే నల్లగా మాడుతుంది. మోటారు బాగానే ఉంటుంది, వైరు బాగానే ఉంటుంది, మాడేది ఆ మూల ఒక్కటే. 5 హెచ్‌పీ మోటారు ఒక్కో ఫేజుకు 7, 8 ఆంప్స్ తీసుకుంటేనే అట్లా మాడుతుంది. నీ చిన్న కారులో రాత్రి లైట్లు, ఏసీ వేస్తే ఆ వైరులో 25, 30 ఆంప్స్ పోతాయి. పన్నెండు వోల్టులే కదా, షాకు కొట్టదు కదా అని మనం దాన్ని చిన్నచూపు చూస్తాం. షాకు కొట్టేది వోల్టేజీ, ఇక్కడ మాడ్చేది ఆంప్స్.

200, 300 రూపాయల డిజిటల్ మీటరు చాలు. రేపు ఇలా చూడు. ఇంజన్ ఆన్ చేసి, కొంచెం రేజ్ పట్టి, హెడ్‌లైట్లు, బ్లోయరు అన్నీ వేయించు. మీటరు డీసీ 20 వోల్టుల మీద పెట్టు.

మొదట ఆల్టర్నేటర్ బి బోల్టుకు, దాని బాడీకి మధ్య చూడు. తర్వాత బ్యాటరీ ప్లస్, మైనస్ స్తంభాల మధ్య చూడు. బిగింపు క్లిప్పుల మీద కాదు, సీసపు స్తంభాల మీదే మీటరు ముళ్లు ఆనించాలి. ఆ రెండు అంకెలూ దగ్గర దగ్గరగా ఉండాలి. తేడా వస్తే ఆ తేడా ఎక్కడుందో వెతుకుదాం. ఒక ముల్లు బి బోల్టు మీద, ఇంకోటి బ్యాటరీ ప్లస్ మీద పెడితే ప్లస్ దారిలో పోయేదంతా కనబడుతుంది. ఆల్టర్నేటర్ బాడీ మీద ఒకటి, బ్యాటరీ మైనస్ మీద ఒకటి పెడితే ఎర్త్ దారి (కరెంటు బాడీ గుండా తిరిగొచ్చే దారి) సంగతి తెలుస్తుంది. ప్లస్ వైపు 0.2, 0.3 దాకా సరే. అర వోల్టు దాటిందంటే రోగం ఉన్నట్టే. ఎర్త్ వైపు 0.2 లోపల ఉండాలి.

చేతి గడియారం, ఉంగరం తీసెయ్. బెల్టు తిరుగుతుంటుంది, రేడియేటర్ ఫ్యాను చెప్పకుండా తిరుగుతుంది. లుంగీ కట్టుకుని, తువ్వాలు మెడలో వేసుకుని ఈ పని చేయకు.

పాలమూరు_జీపు
మే 5, ఉదయం 8:50

కాకా చెప్పింది అక్షరాలా నిజం. నా జీపు డాష్‌లో ఆంప్ మీటరు ఉంది. పాత పద్ధతిలో ఛార్జింగ్ కరెంటంతా ఇంజన్ దగ్గర నుంచి డాష్ దాకా వచ్చి, ఆ మీటరులోంచి పోయి, మళ్లీ బ్యాటరీకి తిరిగి పోవాలి. డైనమో ఉన్నప్పుడు 20, 22 ఆంప్స్ దాటేది కాదు కాబట్టి నడిచింది. ముందరి ఓనరు ఆల్టర్నేటర్ పెట్టించి వైరు మాత్రం పాతదే ఉంచాడు. ఒకరోజు జడ్చర్ల దగ్గర డాష్ వెనక నుంచి పొగ. మీటరు వెనక నట్టు ఒకటి లూజు, చుట్టూ ఫైబరు బొగ్గయింది. మీటరును దారిలోంచి తప్పించి, ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీకి ఫ్యూజుతో సహా కొత్త వైరు లాగి, డాష్‌లో వోల్ట్ మీటరు పెట్టుకున్నా. వోల్ట్ మీటరుకు సన్న వైరు చాలు, దాంట్లో పోయే కరెంటు లెక్కలోది కాదు. చూడ్డానికి ఆంప్ మీటరు ముల్లు ఊగుతుంటే ఆ అందమే వేరు, కానీ ఏం చేస్తాం.

నల్లగొండ_98మోడల్
మే 6, రాత్రి 8:20

మీటరు తెచ్చి చూశాను. పొద్దున ఆరింటికే చేశాను, పది దాటితే బానెట్ మీద చెయ్యి పెట్టలేం, 44 డిగ్రీలు నడుస్తోంది ఇక్కడ.

ఆల్టర్నేటర్ బి బోల్టు నుంచి దాని బాడీకి 14.3
బ్యాటరీ స్తంభాల మధ్య 12.95
బి బోల్టు నుంచి బ్యాటరీ ప్లస్‌కు 0.90
ఆల్టర్నేటర్ బాడీ నుంచి బ్యాటరీ మైనస్‌కు 0.45

ఇంటి మీద సోలార్ ప్యానెళ్లు బిగించే స్నేహితుడి దగ్గర డీసీ చూపించే క్లాంప్ మీటరు (వైరు చుట్టూ పట్టి ఆంప్స్ చూసేది) ఉంటే అదీ అడిగి తెచ్చా. (మామూలు క్లాంప్ ఇంట్లో వచ్చే ఏసీ కరెంటు మాత్రమే చూపిస్తుందట, మొదట దాంతో చూస్తే సున్నా వచ్చింది.) బి వైరు మీద 26 ఆంప్స్.

వైరింగ్_కాక
మే 6, రాత్రి 9:10

శభాష్. ఇంత శుభ్రంగా లెక్క ఇచ్చినవాడు నాకు ఈ మధ్య తగలలేదు. 0.90, 0.45 కలిపితే 1.35. 14.3 లోంచి 12.95 తీసేస్తే అదే 1.35. అంటే కొలత తప్పు కాదు.

ఆల్టర్నేటర్ 14.3 ఇస్తోంది, అది నిక్షేపంగా ఉంది. 4,000 జేబులో పెట్టుకో. బ్యాటరీకి కనీసం 13.8 అయినా చేరాలి, చేరుతున్నది 12.95. పాపం అది ఎప్పుడూ అర్ధాకలితో ఉంది. అందుకే పొద్దున సెల్ఫ్ కొట్టదు. కడుపు నిండదు కాబట్టి గంటల తరబడి కరెంటు గుంజుతూనే ఉంటుంది, ఆ గుంజుడంతా ఆ మాడిన థింబుల్ గుండానే. నువ్వు అడిగావే, రెండిటికీ సంబంధం ఉందా అని, ఇదీ సంబంధం.

0.90 ని 26 తో గుణిస్తే 23 వాట్లు దాటుతుంది. రేడియో రిపేరు వాళ్లు వాడే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. నీ బండిలో ఒక సోల్డరింగ్ ఐరన్ ఎప్పుడూ వెలుగుతున్నట్టే.

ఇప్పుడు ఆ 0.90 ని ముక్కలు చేద్దాం. బోల్టు మీద ఒక ముల్లు ఉంచి, ఇంకో ముల్లు ఒక్కో అడుగూ ముందుకు జరుపు. థింబుల్ మెడ మీద, తర్వాత అక్కడి నుంచి జానెడు దూరంలో గుండుసూది గుచ్చి వైరు రాగి మీద, తర్వాత మెయిన్ ఫ్యూజుకు ఇటు, అటు. సూది గుచ్చిన చోట తర్వాత టేపు వేయడం మరవకు. ఎర్త్ వైపు కూడా అట్లనే, ఆల్టర్నేటర్ బాడీ నుంచి ఇంజన్, ఇంజన్ నుంచి కారు బాడీ, బాడీ నుంచి బ్యాటరీ.

ఇంకోటి అడుగుతా. ఈ మధ్య క్లచ్ గట్టిపడిందా?

నల్లగొండ_98మోడల్
మే 6, రాత్రి 9:25

గట్టిపడింది! డిసెంబరులో కేబుల్ మార్చాను, మళ్లీ గట్టిగా ఉంది. క్లచ్‌కు దీనికి ఏం సంబంధం కాకా?

వైరింగ్_కాక
మే 6, రాత్రి 9:40

డిసెంబరుకు ముందు డెంటింగ్, పెయింటింగ్ ఏమైనా చేయించావా?

నల్లగొండ_98మోడల్
మే 6, రాత్రి 9:44

నవంబరులో ఇంజన్ దింపి లోపలంతా రంగు వేయించాను. మీకెట్లా తెలిసింది?

గద్వాల_తెల్లకారు
మే 6, రాత్రి 10:15

హహహ, కాక జాతకం చెప్తున్నాడు.

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి, నాది అంబాసిడర్. రంగు కథ నాకూ జరిగింది. పెయింటర్లు ఇంజన్‌ను బాడీకి కలిపే ఎర్త్ పట్టీ విప్పుతారు, బోల్టు పడే చోట కూడా నున్నగా రంగు కొడతారు, పట్టీని ఆ రంగు మీదే బిగిస్తారు. చూడ్డానికి షోరూం బండి. కరెంటుకు మాత్రం దారి లేదు. అప్పుడది ఇంజన్ నుంచి బాడీకి పోయే వేరే లోహం ఏది దొరికితే దాన్ని పట్టుకుంటుంది, యాక్సిలరేటర్ కేబుల్, చోక్ కేబుల్, క్లచ్ కేబుల్. నా చోక్ కేబుల్ సెల్ఫ్ కొట్టిన ప్రతిసారీ పొగలు కక్కేది. నేను కార్బరేటర్ మీద అనుమానంతో రెండు నెలలు తిరిగాను.

పాలమూరు_జీపు
మే 6, రాత్రి 10:22

కేబుల్ లోపలి ప్లాస్టిక్ గొట్టం కరిగి తీగను పట్టేస్తుంది, అందుకే క్లచ్ గట్టి.

నల్లగొండ_98మోడల్
మే 8, ఉదయం 7:30

ముక్కల లెక్క ఇదిగో.

బోల్టు నుంచి థింబుల్ మెడకు 0.08. థింబుల్ మెడ నుంచి వైరు రాగికి 0.55. ఫ్యూజు రెండు బోల్టుల మధ్య 0.20. మిగిలినదంతా కలిపి 0.07.

ఎర్త్‌లో ఇంజన్‌కు, కారు బాడీకి మధ్యే 0.40. సెల్ఫ్ కొట్టేటప్పుడు అదే చోట 1.6 చూపించింది. పట్టీ విప్పితే కింద నిజంగానే మెరిసిపోతున్న తెల్ల రంగు.

థింబుల్ దగ్గర కాస్త తోలు ఒలిచి చూశాను. రాగి ఎర్రగా లేదు, బొగ్గులాగా నల్లగా ఉంది. నాలుగంగుళాలు వెనక్కి ఒలిచినా నలుపే. థింబుల్ అల్యూమినియందే, ప్లయరుతో నొక్కిన పళ్ల గుర్తులు ఉన్నాయి.

వైరింగ్_కాక
మే 8, మధ్యాహ్నం 1:05

ఇంక అనుమానం లేదు. మూడుసార్లూ కొత్త థింబుల్ వేశాడు కానీ, నల్లబడిన రాగి మీద వేశాడు. ఆ నలుపు కరెంటును సరిగ్గా పోనివ్వదు. ఒకసారి బాగా వేడెక్కిన వైరు తోలు కింద చాలా దూరం వరకు అట్లా అయిపోతుంది. పైగా అల్యూమినియం మెత్తన, వేడికి కొంచెం కొంచెంగా జారి పట్టు వదులుతుంది. పట్టు వదిలితే ఇంకా వేడి, వేడెక్కితే ఇంకా వదులు. మూడు వారాల గడువు అక్కడి నుంచి వచ్చింది.

ఆ వైరును అతుకు పెట్టకు, మొత్తం మార్చు. 10 చదరపు మిల్లీమీటర్ల ఆటో కేబుల్ తీసుకో, సన్న పోగులు ఎక్కువగా ఉన్నది. ఒకటిన్నర మీటరు పొడవుకు 30 ఆంప్స్ దగ్గర కూడా అది 0.08 వోల్టు మాత్రమే తింటుంది. లావు పోగుల ఇంటి వైరు వాడొద్దు, ఇంజన్ వణుకుడుకు పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. లావు వైరు వేశాను కదా అని ఫ్యూజు నంబరు పెంచొద్దు, కంపెనీ వేసిందే ఉండాలి.

థింబుల్ రాగిది, పైన తగరం పూత ఉన్నది. నొక్కడానికి ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి పోకు. బోరు మోటారు ప్యానెల్ బోర్డులు చేసే షాపుకు పో. వాళ్ల దగ్గర హైడ్రాలిక్ నొక్కుడు మిషను ఉంటుంది, 50 రూపాయలిస్తే రెండు చివర్లూ నొక్కి ఇస్తారు. మన జిల్లాలో అట్లాంటి షాపు లేని ఊరు లేదు.

మిర్యాల_రైసుమిల్లు
మే 8, సాయంత్రం 4:30

నొక్కిన తర్వాత సీసం కూడా పోస్తే ఇంకా గట్టి కదా కాకా? మా మిల్లు ఎలక్ట్రీషియన్ అట్లనే చేస్తాడు.

వైరింగ్_కాక
మే 8, సాయంత్రం 5:10

మిల్లు ప్యానెల్ గోడకు ఉంటుంది, కదలదు. కారులో వద్దంటాను. ఆ సీసం, అంటే సోల్డర్, వైరు పోగుల్లోకి పాకి ఒక అంగుళం కర్రలాగా బిగుసుకుపోతుంది. ఆ కర్ర ఆగిన చోట వైరు వంగి వంగి తెగుతుంది. పైగా మామూలు సోల్డర్ 183 డిగ్రీల దగ్గరే కరగడం మొదలుపెడుతుంది. నొక్కుడు సరిగ్గా ఉంటే సోల్డర్ అవసరం రాదు, నొక్కుడు బాగా లేకపోతే సోల్డర్ దాన్ని కప్పిపుచ్చుతుంది. దీని మీద నాతో గొడవపడే మేస్త్రీలు చాలామంది ఉన్నారు, పడనీ.

బిగించే పద్ధతి: మొట్టమొదట బ్యాటరీ మైనస్ తీయాలి. బి బోల్టులో తాళంచెవి తీసేసినా కరెంటు ఉంటుంది, స్పానరు బాడీకి తగిలితే వెల్డింగే. థింబుల్ నేరుగా ఆల్టర్నేటర్ ఇత్తడి మీద కూర్చోవాలి, వాషరు పైన రావాలి. వాషరు మీద థింబుల్ పెట్టి బిగించే వాళ్లను చూశాను. 10 నంబరు స్పానరుతో చేతి బిగువు చాలు, ఊగి లాగితే బోల్టు విరుగుతుంది. ఎర్త్ చోట రంగంతా ఎమరీ పేపరుతో గీకి తెల్ల ఇనుము కనబడనివ్వు, బిగించాక పైన వాజలీన్ రాయి. ఫ్యూజు బోల్టులు విప్పి రుద్ది మళ్లీ బిగించు. మైనస్ చివరన.

స్పీడ్_సూర్యాపేట
మే 8, రాత్రి 9:00

కాకా, నిన్నటిదాకా నేను ఆ టెర్మినల్ పరీక్ష చాలా బండ్ల మీద చేశాను. ఒక ఓమ్నీకి తర్వాత వారమే రెగ్యులేటరు పోయింది, నేను కంపెనీని తిట్టా. సరే, వదిలేద్దాం.

నా డౌటు వేరే. 100/90 (హై బీమ్ 100, లో బీమ్ 90 వాట్లు) బల్బులు వేశాను. హెడ్‌లైట్ స్విచ్ దగ్గర ప్లాస్టిక్ మెత్తబడుతోంది. ఇదీ అదే జబ్బా?

గద్వాల_తెల్లకారు
మే 8, రాత్రి 9:30

అదే జబ్బు, చోటు వేరు. కంపెనీ బల్బులు రెండు 60 వాట్లవి, హై బీమ్‌లో 9 ఆంప్స్ దాకా. నీవి 15 దాకా. ఆ 15 స్టీరింగ్ కింది చిన్న స్విచ్ గుండా పోతోంది. రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) కిట్ పెట్టుకో, స్విచ్ మీద రిలేను లేపే బరువు మాత్రమే ఉంటుంది. ఇంకా మంచిది, 60/55 కే తిరిగి రా. ఎదురొచ్చే మాకు కళ్లు కనబడతాయి.

నల్లగొండ_98మోడల్
మే 11, రాత్రి 9:15

పని అయిపోయింది. కేబుల్, రెండు రాగి థింబుళ్లు, రబ్బరు టోపీ, కొత్త ఎర్త్ పట్టీ, నొక్కుడు కూలి అన్నీ కలిపి 780 రూపాయలు. ప్యానెల్ బోర్డు షాపాయన కారు వైరు అని తెలిసి ముందు నవ్వాడు, తర్వాత తన బొలేరోది కూడా చూడమన్నాడు.

అదే లోడు మీద ఇప్పుడు: ప్లస్ దారిలో 0.12, ఎర్త్‌లో 0.05, బ్యాటరీ స్తంభాల దగ్గర 14.1. సెల్ఫ్ కొట్టేటప్పుడు ఇంజన్‌కు, బాడీకి మధ్య 0.15.

నిన్న రాత్రి అన్ని లైట్లు, ఏసీ వేసుకుని సాగర్ దాకా పోయి వచ్చాను. హాలియాలో ఆపి బి టెర్మినల్ ముట్టుకున్నా. ఇంజన్ వేడి తప్ప వేరే వేడి లేదు, వేలు పెట్టి ఉంచగలిగాను. స్నేహితుడు లేజర్ థర్మామీటర్ ఇచ్చాడు కానీ మెరిసే ఇత్తడి మీద అది పిచ్చి అంకెలు, మరీ తక్కువ చూపించింది. నల్ల టేపు ముక్క అంటించి దాని మీద చూస్తేనే నమ్మదగినట్టు వచ్చింది.

బ్యాటరీని ఒక రాత్రంతా బయటి ఛార్జరుతో నింపాక సెల్ఫ్ చప్పుడే మారిపోయింది. క్లచ్ కేబుల్ ఇంకోసారి మార్చాల్సిందే, లోపల కరిగింది. నాన్నకు చెప్తే, "ఇన్నాళ్లూ క్లచ్ తొక్కి నా మోకాలు అరిగింది కరెంటు వల్లనా" అన్నాడు.

పాలమూరు_జీపు
మే 11, రాత్రి 9:40

సంతోషం అన్నా. ఇంజన్‌ను ప్రెషరు నీళ్లతో కడిగించకు. మన బోరు నీళ్లకు టెర్మినళ్ల మీద తెల్ల ఉప్పు పేరుకుంటుంది, మళ్లీ మొదటికొస్తుంది.

వైరింగ్_కాక
మే 12, ఉదయం 6:05

వెయ్యి కిలోమీటర్ల తర్వాత నట్లు ఒకసారి చేత్తో చూడు, కొత్త థింబుల్ కొంచెం సర్దుకుంటుంది. మీ ఎలక్ట్రీషియన్‌కు ఆ నల్ల వైరు ముక్క చూపించు, గొడవ పెట్టుకోకు. మాకు కూడా పని నేర్పినవాడు ప్లయరుతోనే నొక్కాడు.

మిర్యాల_రైసుమిల్లు
మే 12, మధ్యాహ్నం 12:20

ఇదంతా చదివి ఊరుకోలేక మా ఓమ్నీ చూశాను. బి బోల్టు నుంచి బ్యాటరీ ప్లస్‌కు 0.62. థింబుల్ పచ్చగా చిలుము పట్టి ఉంది. పది నంబరు స్పానరు చేతిలోనే ఉంది, విప్పేయనా?

వైరింగ్_కాక
మే 12, మధ్యాహ్నం 12:22

ఆగు. మైనస్ తీశావా?

మిర్యాల_రైసుమిల్లు
మే 12, మధ్యాహ్నం 12:31

ఇప్పుడు తీశాను.